సగానికి పైన ఒక్క పిల్ల

జూన్ 8

మా ఇంట్లో పుట్టి పెరిగిన సర్కారువారికి,

మీ నాన్న రాస్తున్నాడు. అక్షరాలు వంకర్లు పోతే వయసుకు అంటగట్టకు, అదంతా సంతోషమే. నీ ఉత్తరం అందిన దగ్గర్నుంచి నా కాలు నేల మీద నిలవడం లేదు. ఫోనులో చెప్పి ఉంటే నాకు సగమే వినబడేది, ఆ సగమూ తప్పుగా వినబడేది. కాగితం మీద పెట్టావు, బతికించావు. ‘ఈ ఏడాది నా పోస్టు కూడా గ్రాంటు లెక్కలోకి వస్తోంది నాన్నా.’ ఈ ఒక్క వాక్యం నేను చదువుకున్నాను, మీ అమ్మకు చదివి వినిపించాను, ఎదుటి రొట్టెల కొట్టాయనకు వినిపించాను, గొడుగు ఊచ విరిగిందని వచ్చిన ఒక పెద్దావిడను కూర్చోబెట్టి ఆవిడకూ వినిపించాను. పాపం ఆవిడకు చెవుడు. అయినా నా మొహం చూసి ‘మనవడా, మనవరాలా?’ అని అడిగింది. ‘టీచరు పుట్టిందమ్మా’ అన్నాను.

నాలుగేళ్ళు తల్లీ! ఆ బళ్ళో మిగతా ముగ్గురు టీచర్లకూ సర్కారు జీతం పంపుతుంటే, నీకు మాత్రం బడి కమిటీవాళ్ళు ఏదో చేతికి దొరికింది, దొరికినప్పుడు ఇస్తూ వచ్చారు. నువ్వు నోరెత్తి అడిగావా? మీ అమ్మ పోలిక వచ్చి ఉంటే అడిగేదానివి. నా పోలిక వచ్చింది, ఏం చేస్తాం. ఇప్పుడు చూడు, అడగకుండానే సర్కారు నిన్ను వెతుక్కుంటూ వచ్చింది. మంచి పాఠం ఎవరు చెబుతున్నారా అని బడి బడికీ చెవి ఒగ్గి విని ఉంటారు.

సంతోషం పట్టలేక కొట్టు బోర్డు కిందికి దించాను. ‘ఇచ్చట గొడుగులు బాగుచేయబడును’ అన్నదాని పైన జానెడు చోటు ఖాళీగా ఉండేది. ఇన్నేళ్ళూ అక్కడేం రాయాలో తోచక వదిలేశాను. ఇప్పుడు తోచింది. ‘ప్రభుత్వ టీచరు గారి తండ్రి’ అని ఎర్ర రంగుతో రాసి మళ్ళీ తగిలించాను. ‘గారి’ దగ్గర కొంచెం ఇరుకైంది గానీ గౌరవానికి లోటు లేదు.

మీ అమ్మ గుమ్మంలో నిలబడి చూసి, ‘ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం’ అంది. ఆమె మాట పట్టించుకోకు. బోర్డు మీద తండ్రి అని రాశాను, తల్లి అని రాయలేదు కదా, అదీ ఆమె బాధ.

రంగు చేతులతోనే ముద్దులు పెడుతూ,
నాన్న


జూన్ 15

బోర్డు నాన్నకు,

ముందు ఆ బోర్డు దించు. తరవాత కూర్చుని ఇది చదువు. నిలబడి చదవకు, నిలబడితే మధ్యలోనే ఎవరికో చెప్పడానికి పరుగెడతావు.

నేను ‘వచ్చింది’ అని రాయలేదు, ‘లెక్కలోకి వస్తోంది’ అని రాశాను. లెక్కలోకి రావడం వేరు, లెక్క తేలడం వేరు. మా నాలుగో తరగతికి చెప్పినట్టే చెబుతాను, గోల చెయ్యకుండా విను.

సర్కారు టీచర్లను చూసి జీతం ఇవ్వదు నాన్నా, పిల్లలను చూసి ఇస్తుంది. జూలై, ఆగస్టు నెలల్లో రోజుకు సగటున ఎంతమంది పిల్లలు బడికి వచ్చారో చూస్తారు. పేరు రాయించుకున్నవాళ్ళు కాదు, వచ్చి బల్ల మీద కూర్చున్నవాళ్ళు. నలభైమందికి ఒక టీచరు జీతం. నూట ఇరవైకి ముగ్గురు. ఆ పైన మిగిలిన పిల్లలు నలభైలో సగం, అంటే ఇరవైమందిని దాటారనుకో, పోనీలే అని దాన్ని నిండు పోస్టు కింద లెక్కగట్టి నాలుగో జీతం ఇస్తారు. ఇరవై దగ్గరే ఆగిపోతే ఆ మిగులు కొట్టేస్తారు. ఈ ఏడు మా పెద్దటీచరమ్మ నాలుగో పోస్టు కోసం దరఖాస్తు పెట్టింది. పోయినేటి హాజరు తీసి చూసుకుంటే సగటు నూట ముప్పై మూడు. మిగులు పదమూడు. ఆ పదమూడు నేనే.

మా పిల్లల్లో చాలామంది ఉండేది పల్లపు వీధుల్లో. జూలై, ఆగస్టు అంటే వానలు. వాన పడితే అక్కడ పిల్లల మోకాలి దాకా నీళ్ళు. ఇంటికో గొడుగు కూడా ఉండదు. తడిస్తే జ్వరమొస్తుందని తల్లులు పంపరు. సరిగ్గా పిల్లలు రాని నెలలు చూసి పిల్లలను లెక్కపెడతారు. ఈ రూలు రాసిన మహానుభావుడు ఏ ఎండల ఊళ్ళో కూర్చుని రాశాడో.

ఈసారీ సగం దాటకపోతే నన్ను ఉంచుకోలేమని కమిటీ చెప్పేసింది. నా నాలుగో తరగతిని తీసుకెళ్ళి మూడో తరగతి గదిలో కలిపేస్తారట. ఆ గదిలో ఇప్పటికే ముగ్గురి బల్ల మీద అయిదుగురు. నేనొచ్చి నీ కొట్లో ఊచలు బిగిస్తాను. బోర్డు మీద నాకేం రాస్తావో అప్పుడు చూద్దాం.

అమ్మకు చెప్పు, ఆమె సామెత సరిగ్గా అతికిందని.

ఇంకా లెక్క తేలని,
నీ కూతురు


జూన్ 22

నా బంగారు పదమూడుకు,

నీ ఉత్తరం కూర్చునే చదివాను. ‘కొట్టేస్తారు’ దగ్గర లేచాను. క్షమించు.

నా కూతురు సగానికి తక్కువ టీచరా? ఏ సగం? నడుం పైదా, కిందదా? తల నుంచి లెక్కపెట్టుకుంటూ వచ్చి, పాఠం చెప్పే నోటి దగ్గర జీతం ఆపేస్తారా? గొడుగుకు ఎనిమిది ఊచలుంటాయి. అయిదు విరిగినా లోకం దాన్ని గొడుగనే అంటుంది. ‘అయ్యా, మీది సగం దాటలేదు, కాబట్టి ఇది గొడుగే కాదు’ అని గిరాకీని నేనెప్పుడైనా వానలోకి గెంటానా? ఇదంతా రొట్టెల కొట్టాయనకు గట్టిగా చెప్పాను. ఆయన భయపడి నాకు ఒక బన్ను ఇచ్చాడు.

మీ అమ్మ అప్పటిదాకా విని, ‘అరిస్తే పిల్లలొస్తారా? గొడుగుల్లేక రావడం లేదని పిల్ల రాస్తే, గొడుగుల కొట్లో కూర్చుని బన్ను తింటావేం?’ అని అటక వైపు చూసింది. అంతే, నాకు మెరుపులాంటి ఆలోచన వచ్చింది. ఆలోచన నాదే. మీ అమ్మ అటక వైపు చూసింది, అంతవరకే ఆమె వాటా.

ఆ అటక నీకు గుర్తుందా? చిన్నప్పుడు అక్కడికెక్కి గబ్బిలాలున్నాయని ఏడ్చావు. అవి గబ్బిలాలు కావు తల్లీ, గిరాకీలు వదిలేసిన గొడుగులు. వాన పడుతుంటే ‘ఇప్పుడే కావాలి’ అని ప్రాణం తీస్తారు, వాన ఆగగానే గొడుగునూ నన్నూ కలిపి మరిచిపోతారు. ‘పారెయ్యి’ అని మీ అమ్మ, ‘వస్తారు’ అని నేను. ఇది మా పెళ్ళితో పాటు పెరిగిన పోట్లాట. వెంటనే అన్నీ దించాను. తుప్పు గీకాను, స్ప్రింగులకు నూనె పెట్టాను, చిరుగులకు మాసికలు మీ అమ్మ వేసింది. నల్ల గుడ్డకు నీలం మాసికలు, నల్ల గుడ్డ దొరకలేదు. ఆకాశానికి కన్నం పడ్డట్టు చూడముచ్చటగా ఉన్నాయి. రేపు లారీ పార్సెల్లో వస్తాయి, మొత్తం రెండు పెట్టెలు.

బోర్డు దించలేదు. కానీ అబద్ధం ఉండకూడదు కదా, ముందు ‘కాబోయే’ అని చేర్చాను. చోటు చాలక ‘కాబోయే’ గోడ మీద మొదలై బోర్డు మీదికి ఎక్కుతోంది. దూరం నుంచి చూస్తే బాగానే ఉంది.

చేతికంటిన నూనె కాగితానికీ అంటింది, ఏమనుకోకు.
నాన్న


జూలై 14

గొడుగుల నాన్నకు,

ఏం చెప్పను, ఎక్కడ మొదలుపెట్టను!

పెట్టెలు విప్పిన రోజు బళ్ళో పాఠం జరగలేదు. మూడో తరగతి పిల్లాడొకడు గొడుగు తెరిస్తే పిల్లాడు మాయమై గొడుగూ రెండు పాదాలూ మిగిలాయి. పెద్దటీచరమ్మ ఒక్కోదాన్ని ఇద్దరు ముగ్గురికి కలిపి పంచింది. ఒకే వీధివాళ్ళకు ఒకటి. మొన్న మంగళవారం కుండపోత. బడికి ఎవరూ రారనుకుని నేను కిటికీ తెరిచాను కదా, పల్లపు వీధిలోంచి నల్లటి గొడుగులు, నీలం మాసికలు, బారుగా కదిలొస్తున్నాయి. కింద ఎన్ని కాళ్ళో లెక్కేలేదు, జెర్రులు గొడుగులు పట్టుకున్నట్టు! ఆ రోజు హాజరు ఎన్నడూ లేనంత. పెద్దటీచరమ్మ కళ్ళజోడు తుడుచుకుని రెండోసారి పిలిచింది.

ఇక అసలు సంగతి విను. బుధవారం ఎండ కాసింది. సగంమంది రాలేదు.

గురువారం వాన. అందరూ వచ్చారు. శుక్రవారం ఎండ. మళ్ళీ లేరు. అడిగితే ఒకడు, ‘ఎండలో గొడుగెందుకు టీచర్? గొడుగు లేకపోతే బడికెందుకు?’ అన్నాడు. గొడుగు కిందే ఉండి ముచ్చట్లు చెప్పుకుంటూ రావడానికి వాళ్ళు రుచి మరిగారు. పెద్దటీచరమ్మ తల పట్టుకుని కూర్చుంది: ‘లోకమంతా వానకు సెలవిస్తే, మన బడి ఎండకు సెలవు పుచ్చుకుంటోంది. ఈ హాజరు చూస్తే లెక్కల ఆఫీసరుగారు ఏమనుకుంటారో.’ గ్రాంటు లెక్కలు చూసే ఆఫీసరు ఆయన. మహా గట్టివాడట.

దీనికేమైనా మందుందా నాన్నా? గొడుగులు మాత్రం ఇంక పంపకు.

నవ్వాలో ఏడవాలో తెలియని,
నీ కూతురు


జూలై 20

ఎండావానల టీచరుకు,

మందు లేకేం! ముందు నవ్వు. నేను నవ్వీ నవ్వీ దగ్గు తెచ్చుకున్నాను, మీ అమ్మ వీపు మీద కొట్టి కొట్టి పాత పగలన్నీ తీర్చుకుంది.

పిల్లలతో ఇలా చెప్పు. తడిసిన గొడుగు మడిచి మూలన పెడితే గుడ్డ చీకుతుంది, స్ప్రింగు తుప్పు పడుతుంది. మర్నాడు ఎండలో విప్పి ఆరబెట్టి తీరాలి. ఇది నేను కల్పించింది కాదు, ఏ గొడుగును అడిగినా చెబుతుంది. కాబట్టి రూలు పెట్టు: ఎండ కాసిన రోజున అందరూ గొడుగులు బడికి తెచ్చి ఆవరణలో ఆరబెట్టాలి. ఆరబెట్టినవాళ్ళదే మళ్ళీ వానకు గొడుగు. వాన రోజు గొడుగు పిల్లల్ని తెస్తుంది, ఎండ రోజు పిల్లలు గొడుగును తెస్తారు. ఎటొచ్చినా పిల్లలు బడికే!

ఇంకో ముచ్చట. పదకొండేళ్ళ కింద వదిలేసిన గొడుగు కోసం ఒకాయన నిన్ననే వచ్చాడు. మీ అమ్మ ‘అనుభవించు’ అన్నట్టు లోపల్నుంచి చూస్తోంది. నేను చేతులు నులుముకుని, ‘అయ్యా, మీ గొడుగు బడికెళ్ళిందండీ’ అన్నాను. ఆయన ‘ఏ తరగతి?’ అన్నాడు. నాలుగో తరగతి అన్నాను. ‘బాగా చదవమనండి’ అని వెళ్ళిపోయాడు. మనుషుల్లో దేవుళ్ళున్నారు.

అందుకే నాకింకో ఆలోచన వచ్చింది. ఇది మాత్రం నూటికి నూరుపాళ్ళూ నాదే, మీ అమ్మ ఏ వైపూ చూడలేదు. ఆ లెక్కల ఆఫీసరుగారికి నేనే ఒక ఉత్తరం రాశాను. ‘అయ్యా, మా అమ్మాయి పదమూడు కాదు, నిండు మనిషి’ అని. ఉత్తచేతులతో ఉత్తరమేం పంపుతామని, నా చేత్తో చేసిన వాటిలో మేలైన గొడుగు, చెక్కపిడిది, నీకు గుర్తుందా, అద్దాల బీరువాలో ఉండేది, దాన్ని కూడా కట్టి పంపాను. వానాకాలం లెక్కలు చూసే మనిషి, తడవకూడదు కదా. పార్సెల్ మీద నీ పేరూ, మీ బడి పేరూ పెద్ద అక్షరాలతో రాశాను, ఆయన మరిచిపోకుండా.

ఇక నిశ్చింతగా పాఠాలు చెప్పుకో.

దగ్గుతూ, నవ్వుతూ,
నాన్న


జూలై 27

నాన్నా,

ఏం పని చేశావు!

లెక్కలు తేల్చే ఆఫీసరుకు, లెక్కలు తేల్చే నెలలో, నా పేరు రాసి కానుక పంపుతావా? దాన్ని వాళ్ళ ఆఫీసులో ఏమంటారో తెలుసా? లంచం అంటారు. నా ఒక్క పోస్టే కాదు, బడి మొత్తం దరఖాస్తు పక్కన పడేస్తారు. అందులో మిగతా ముగ్గురు టీచర్ల జీతం కూడా ఉంది. ఆరబెట్టే రూలు బ్రహ్మాండంగా పనిచేస్తోంది, ఎండ రోజు కూడా ఆవరణ నిండా గొడుగులూ, గదుల నిండా పిల్లలూ. అంతా కుదురుకుంటున్న వేళ ఇదేమిటి? పెద్దటీచరమ్మకు చెప్పే ధైర్యం నాకింకా రాలేదు.

నువ్వు ఇంకేమీ పంపకు. ఎవరికీ రాయకు. నాకు తప్ప.

నీ కూతురు


ఆగస్టు 3

అమ్మా తల్లీ,

నీ ఉత్తరం అందగానే పోస్టాఫీసుకు పరుగెత్తాను. కౌంటరు ఆయన, ‘రెండు వారాల కింద పోయిన పార్సెల్‌ను ఇప్పుడు వెనక్కి పిలవడానికి అదేమన్నా మేకపిల్లా?’ అన్నాడు. ఇంటికొస్తే మీ అమ్మ ఒక్కటే అంది: ‘అల్పుడికి ఐశ్వర్యం వస్తే అర్ధరాత్రి గొడుగు పట్టమన్నాడట. నీకింకా ఐశ్వర్యం రానేలేదు, గొడుగు మాత్రం పట్టేశావు.’ 

ఆయన వానలో తడవకూడదనుకున్నానే గానీ వేరే ఏమీ అనుకోలేదు. నువ్వు ఆ మాట రాసేదాకా అది నాకు తోచనే లేదు. ఇంకో ఉత్తరం రాసి ‘అది లంచం కాదు’ అని చెబుదామనుకున్నాను. మీ అమ్మ కలం లాక్కుంది. ఇప్పుడు నీకు రాయడానికే తిరిగి ఇచ్చింది, పక్కనే కూర్చుంది.

బోర్డు దించాను. గోడ మీద ‘కాబోయే’ మాత్రం రంగు పోవడం లేదు. ఏమి కాబోయేదో దారిన పోయేవాళ్ళకు అర్థం కావడం లేదు, నాకూ అంతే.

నాన్న


ఆగస్టు 19

నాన్నా, నాన్నా, నాన్నా,

కూర్చున్నావా? అమ్మను కూడా కూర్చోబెట్టు. ఇది అరిచి చదవాల్సిన ఉత్తరం.

నిన్న ఆఫీసరుగారు వచ్చారు. చెప్పకుండా వచ్చారు, అదీ మిన్ను విరిగి మీద పడుతున్నట్టు వాన కురుస్తుండగా. కావాలనే ఆ రోజు చూసుకుని వచ్చారట. ఎందుకో తెలుసా? జూలై హాజరు లెక్క ఆయన బల్ల మీదికి పోయింది. ‘ఏ బళ్ళోనైనా వాన పడితే హాజరు తగ్గుతుంది. ఈ బళ్ళో వాన పడితే పెరుగుతోంది. నా ఉద్యోగంలో ఇలాంటి విడ్డూరం చూడలేదు. ఇది కచ్చితంగా దొంగ హాజరు’ అనుకున్నారట. పైగా ఆ బడి నుంచే ఒక గొడుగు కానుక! దొంగ దొరికాడనుకుని బయల్దేరారు.

పల్లపు వీధి మొదట్లో నీళ్ళకు కారు ఆగిపోయింది. దిగారు. చంకలో నీ గొడుగు ఉంది నాన్నా! గోధుమరంగు కాగితం చుట్టి, తాడు కట్టి, వాళ్ళ ఆఫీసు సీలు వేసి ఉంది. దాన్ని చంకలో పెట్టుకుని ఆ మనిషి నిలువెల్లా తడుస్తూ నిలబడ్డారు, విప్పలేదు. డ్రైవరు ‘సార్, గొడుగుంది కదా’ అంటే, ‘అది గొడుగు కాదయ్యా, రుజువు’ అన్నారట.

ఆ దారినే మా పిల్లలు వస్తున్నారు. వాళ్ళలో ఒక చిన్నది ఉంది, రెండో తరగతి. మేమంతా దాన్ని వానచినుకు అంటాం. దానికి సొంత గొడుగు లేదు, వాళ్ళ వీధి చివర అదొక్కటే ఇల్లు, పంపకంలో మాకు గుర్తు రాలేదు. వాన రోజున ఎవరో ఒకరి గొడుగులో దూరి మూడోదిగా వస్తుంది. అది ఆగి ఆయన్ని చూసి, ‘నీ గొడుక్కి చొక్కా తొడిగావేం తాతా?’ అంది. ‘రా, మా దాంట్లోకి రా. నేను కూడా వేరేవాళ్ళ దాంట్లోనే వస్తున్నా. వంగితే పడతావు’ అని చెయ్యి పట్టి లాగింది. గ్రాంటు లెక్కల ఆఫీసరుగారు నడుం వంచి, ఇద్దరు పిల్లల మధ్య, మోకాళ్ళ మీద నడిచినట్టు నడుస్తూ మా గేటులోకి వచ్చారు. పెద్దటీచరమ్మ కిటికీలోంచి చూసి, ‘ఎవరమ్మా ఆ పొడుగు పిల్లాడు, కొత్తగా చేరాడా?’ అంది.

వసారాలో నిలబడి నీళ్ళోడుతూనే లెక్క మొదలుపెట్టారు. ఆవరణలోకి వస్తున్న గొడుగులను ఒక్కొక్కటే వేలితో చూపిస్తూ లెక్కపెట్టారు. యాభై ఎనిమిది. రిజిస్టరులో మొన్నటి వాన రోజు హాజరు చూశారు. ‘యాభై ఎనిమిది గొడుగులు. నూట నలభైకి పైన హాజరు. ఇదీ సంగతి!’ అన్నారు పెద్దటీచరమ్మతో.

అప్పుడు గంట కొట్టారు. గొడుగులు ముడుచుకున్నాయి.

నాన్నా, నువ్వు చూసి ఉండాల్సింది. ఒక్కో గొడుగు ముడుచుకుంటే కింద నుంచి ఇద్దరు, ఒకదాని కింద ముగ్గురు, ఇంకోదాని కింద ముగ్గురూ వాళ్ళ సంచులూ. మబ్బు విడిపోయి పిల్లలు రాలినట్టు! ఆయన వేలు గాల్లోనే ఆగిపోయింది. మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టారు, ఈసారి తలలు. ప్రతి గదిలోకీ వెళ్ళారు. మా నాలుగో తరగతిలో కూర్చుని ఒకడి చేత ఎక్కాలు చెప్పించుకున్నారు, ఎందుకో తెలీదు, బహుశా చొక్కా ఆరడానికి.

చివర్లో పెద్దటీచరమ్మ గదిలో ఆ కాగితం చుట్టింది బల్ల మీద పెట్టారు. నేను ఉన్నదంతా చెప్పేశాను. మా నాన్న గొడుగులు బాగుచేస్తాడండీ, ఈ గొడుగులన్నీ ఆయనవే, మీరు తడవకూడదని పంపాడు తప్ప ఇంకేమీ ఎరగడు అన్నాను. నీ ఉత్తరం జేబులోంచి తీసి మళ్ళీ చదివారు. ‘మా అమ్మాయి పదమూడు కాదు, నిండు మనిషి’ దగ్గర ఆయన మీసం కదిలింది. నవ్వు అని ఒట్టేసి చెప్పలేను. ‘కానుక తిరస్కరించి తిరిగి ఇవ్వడమైనది అని రాసి సంతకం పెట్టండి. మీ నాన్నగారితో చెప్పండి, రూలు రూలే’ అన్నారు. వెళ్ళేటప్పుడు వాన తగ్గలేదు. వానచినుకు వాళ్ళే ఆయన్ని కారు దాకా దిగబెట్టి వచ్చారు. అది తిరిగి వచ్చి, ‘తాత మళ్ళీ ఎప్పుడొస్తాడు టీచర్?’ అంటోంది.

హాజరు నిజమేనని రాసుకుపోయారు. ఇంక ఆగస్టు ముగిసి సగటు తేలాలి. సగం దాటుతామో లేదో ఇప్పటికీ వెంట్రుకవాసి బేరమే. బోర్డు జోలికి వెళ్ళకు!

తడిసి ముద్దయిన సంతోషంతో,
నీ కూతురు

నీ గొడుగు పార్సెల్ చేసి తిరిగి పంపుతున్నాను. సీలు అలాగే ఉంది.


సెప్టెంబరు 21

ప్రభుత్వ టీచరు గారి తండ్రికి,

లెక్క వచ్చింది. నూట నలభై దాటాలి. మా సగటు నూట నలభై ఒకటి.

సగానికి పైన ఒక్క పిల్ల నాన్నా! ఆ ఒక్కరితో నాలుగో పోస్టు నిండిపోయింది. ఆర్డరు మీద నా పేరు ఉంది. పెద్దటీచరమ్మ నా నాలుగో తరగతి తలుపు మీద నా పేరు సుద్దముక్కతో రాసింది, పిల్లలు చెరిపేస్తే మళ్ళీ రాసింది.

ఇప్పుడు నిలబడి చదువుకో. ఎవరికి కావాలంటే వాళ్ళకు చెప్పుకో.

నిండుగా,
నీ కూతురు


సెప్టెంబరు 26

నా నిండు నలభైకి,

చెప్పుకున్నాను! వీధి వీధంతా చెప్పుకున్నాను! రొట్టెల కొట్టాయన ఇంక వినలేనని తలుపు వేసుకుంటే తలుపుకు చెప్పాను. చెవుడు పెద్దావిడ మళ్ళీ వచ్చింది, ఈసారి ఆవిడే ‘టీచరు బాగుందా?’ అని అడిగింది. అంటే మొదటిసారే వినబడిందన్నమాట!

బోర్డు ఎక్కించాను. గోడ మీది ‘కాబోయే’ ఎంత గీకినా పోలేదు. మీ అమ్మ వచ్చి చూసి, నా చేతిలో కుంచె లాక్కుని, బోర్డు మీద ‘తండ్రి’ పక్కన ‘తల్లి’ అని తనే రాసేసింది. అక్షరాలు నాకంటే గుండ్రంగా ఉన్నాయి. ఇప్పుడు అది గోడ మీద నుంచి చదివితే ‘కాబోయే ప్రభుత్వ టీచరు గారి తండ్రి, తల్లి’ అని వస్తుంది, బోర్డు వరకే చదివితే నిజం వస్తుంది. జనాన్ని బోర్డు వరకే చదవమని చెబుతున్నాను.

ఇక నీ సగానికి పైన ఒక్క పిల్ల ఎవరో నువ్వు చెప్పనక్కర్లేదు, నాకు తెలిసిపోయింది. లెక్కలో ఎవరైనా కావచ్చు అంటావు. నీ లెక్క నీది, నా లెక్క నాది. నువ్వు రాసిన దాంట్లో ఒక సంగతి నా మనసులో గుచ్చుకునే ఉంది. ఆ వానచినుకుకు సొంత గొడుగు లేదు కదా. అంటే ఎండ రోజున ఆరబెట్టడానికి దానికేమీ ఉండదు. అందరూ గొడుగులు తీసుకుని బడికి పోతుంటే అదేం తీసుకుని పోతుంది? ఎండ రోజుల హాజరు ఒకసారి చూడు తల్లీ, దాని పేరు దగ్గర ఖాళీలు ఉంటాయి.

అందుకని ఆ సీలు నేనే పగలగొట్టాను. ఆఫీసరుగారు తిప్పి పంపిన గొడుగును ముందేసుకుని రెండు రోజులు కూర్చున్నాను. ఊచలు కోసి పొట్టి చేశాను. చెక్కపిడి దాని గుప్పెటకు సరిపోయేట్టు చెక్కాను, గుప్పెట ఎంతుంటుందో మీ అమ్మ నీ చిన్నప్పటి గాజు తీసి చూపించింది. నల్ల గుడ్డ విప్పేసి తెల్ల గుడ్డ వేశాను. నా చేతుల మీదుగా వెళ్ళిన గొడుగుల్లో ఇంత చిన్నదీ లేదు, ఇంత మంచిదీ లేదు. దాని కింద ఒక్కళ్ళకే చోటు. ఆఫీసరుగారు మళ్ళీ వస్తే ఆయన చూసుకోవాలి.

దానికి చెప్పు, ఇది వాన గొడుగు కాదు. వాన రోజున ఎప్పటిలాగే ఎవరి దాంట్లోనైనా దూరి రమ్మను, అందులో మజా దానికి తెలుసు. ఇది ఎండ గొడుగు. ఎండ కాసిన రోజు దీన్ని వేసుకుని బడికి రావాలి. వచ్చి అందరి గొడుగుల మధ్యా విప్పి పెట్టాలి. అది తడవదు కాబట్టి ఆరబెట్టే పనేమీ ఉండదు, ఊరికే అందంగా ఉంటుంది.

దీనికి రసీదు పంపనక్కర్లేదు.

ఎగురుతూనే,
తండ్రి, తల్లి